కైండ్లీ రివర్ట్

ఉదయం తొమ్మిదీ ఇరవై. భుజాన హ్యాండ్‌బ్యాగు, చేతిలో టిఫిన్ డబ్బా ఇంకా దించలేదు. కుర్చీలో సగమే కూర్చున్నాను. కంప్యూటర్ తెర మీద హెన్రిక్ ఉత్తరం కనిపించింది. ఇంగ్లీషులో రెండే వాక్యాలు. "మీరు కోరినట్టే తీసేశాను. ఎందుకు వద్దన్నారో తెలియదు గానీ, మీ ఇష్టం."

ఆడవాళ్ళకు కుడికన్ను అదిరితే కీడంటారు. నాకు రెండు కళ్ళూ అదిరాయి.

ముందే చెప్పేస్తున్నాను. ఇది ఒక్క ఇంగ్లీషు మాటతో ఒక ఉద్యోగానికీ, ఒక వెబ్‌సైటుకీ, పరాయివాళ్ళ ముప్ఫై ఏళ్ళ కాపురానికీ ఒకే పూటలో నిప్పు పెట్టిన కథ. పెట్టింది నేనే. పిల్లలిద్దరూ నిద్రపోయారు గనక ధైర్యంగా రాస్తున్నాను. పెద్దదానికి ఈమధ్యే చదవడం వచ్చింది, మెలకువగా ఉంటే భుజం మీంచి తొంగిచూస్తుంది.

అప్పటికి దానికి నాలుగేళ్ళు, చిన్నవాడికి రెండు. చందానగర్‌లో మా ఇంటి ఓనరు బాలమణి అత్తమ్మ దగ్గర ఇద్దరినీ దింపి నేను ఆఫీసుకు వెళ్ళేదాన్ని. పుట్టుకతోనే కంగారుమనిషిని. పిల్లాడు తుమ్మితే న్యుమోనియా అనుకుంటాను. ఫోను మోగితే ఎవరో ఆసుపత్రిలో ఉన్నారనుకుంటాను. అలాంటిదాన్ని ఆర్నెల్ల ప్రొబేషన్ మీద పెట్టారు. అంటే ఆర్నెల్లూ నాకు పరీక్షల ముందు రాత్రే.

మా ఆఫీసు మాదాపూర్ సందులో, మేడమీద ఓనరు బట్టలు ఆరేసుకునే ఒక ఇంట్లో ఉండేది. క్లయింట్లకు మాత్రం "హైటెక్ సిటీ పక్కనేనండీ" అని చెప్పేవాళ్ళం. నిజమే. పక్కనే. మధ్యలో రెండు రాళ్ళగుట్టలు ఉండేవి, అంతే.

ఆ వారంతో నా ప్రొబేషన్ అయిపోతుంది. మేనేజరు ప్రసాదరావుగారు నన్ను పిలిచి, "సుజాతగారూ, ఆంజనేయులుగారి డెమో బాగా జరిగితే మీ కన్ఫర్మేషన్ కాగితం మీద సంతకం పెట్టేస్తానండి. జరక్కపోతే..." అని ఆగి, ఎంతో దయగా, "పిల్లలు కూడా చిన్నవాళ్ళు కదండీ మీకు" అన్నారు. ఇంతకన్నా మర్యాదగా ఎవరినైనా ఇంటికి పంపించగలరేమో మీరే చెప్పండి.

ఆంజనేయులుగారిది మదీనాగూడలో పెళ్ళి సంబంధాల బ్యూరో. దానికి మేం వెబ్‌సైటు కడుతున్నాం. కడుతున్నది సొంతంగా పునాది నుంచి కాదు. ఇల్లు కట్టేవాడికి పిల్లర్లూ స్లాబూ ముందే వేసి ఇచ్చినట్టు, వెబ్‌సైట్లకు కూడా తయారుగా ఉండే చట్రాలుంటాయి. ఫ్రేమ్‌వర్క్ అంటారు. మేం వాడినది ఉచితం. లోపల రాసిందంతా ఎవరైనా చూడొచ్చు, తప్పులుంటే చెప్పొచ్చు. దాన్ని చూసుకునే పెద్దమనిషే హెన్రిక్. ఎక్కడో మంచుదేశంలో ఉంటాడు. మొహం ఎప్పుడూ చూడలేదు. వాడుకునేవాళ్ళంతా ఉత్తరాలు రాసుకోవడానికి ఒక మెయిలింగ్ లిస్టు ఉండేది. అందులో ఒకరు రాస్తే ప్రపంచమంతా చదువుతుంది. ఈ ముక్క గుర్తుంచుకోండి, నేను గుర్తుంచుకోలేదు.

ఆ చట్రంలో ఒక తప్పుంది. ఇద్దరు ఒకేసారి రెండు కంప్యూటర్ల మీద బటన్ నొక్కితే ఒకరి పేజీ ఇంకొకరికి వెళ్ళిపోయేది. వరుడి వివరాలు వధువుకు, వధువు జాతకం వరుడికి. పెళ్ళికి ముందే అంత కలిసిపోవడం ఏ బ్యూరోకీ మంచిది కాదు. నేనూ, నర్సింగూ రెండు వారాలు తల బద్దలు కొట్టుకున్నాం. నర్సింగ్ శంకర్‌పల్లి నుంచి వచ్చే నా సహోద్యోగి. ముప్ఫై దాటినవాడు, దేనికీ ఫికర్ లేనివాడు. మా ఇద్దరినీ కలిపి రెండుతో భాగిస్తే ఇద్దరు మామూలు మనుషులు వచ్చేవాళ్ళు.

చివరికి లిస్టుకు రాశాం. హెన్రిక్ వారం రోజులు కూర్చుని, పదకొండు చోట్ల మార్చి, దాన్ని బాగుచేశాడు. మా వెబ్‌సైటు బంగారంలా నడిచింది. నాకు ఆనందంతో కళ్ళు చెమర్చాయి. డెమోకు ముందురోజు సాయంత్రం బస్సు తప్పిపోతున్నా సరే, కృతజ్ఞత చెప్పకుండా వెళ్ళడం సంస్కారం కాదని ఉత్తరం రాశాను. "మీ మార్పు అందింది. ఎంతో సంతోషం." అక్కడ ఆపితే ఈ కథే లేదు. కింద అలవాటుగా ఇంకో ముక్క తగిలించాను. "కైండ్లీ రివర్ట్ అట్ ది ఎర్లియస్ట్."

మన ఆఫీసుల్లో దాని అర్థం "త్వరగా జవాబివ్వండి" అని. ప్రసాదరావుగారు ఆ మాట లేకుండా చీటీ కూడా రాయరు. ఇంగువ లేని పులిహోరలా ఉంటుందట. కానీ కోడ్ రాసేవాళ్ళ భాషలో రివర్ట్ అంటే చేసిన మార్పును పీకేసి పాతదాన్ని పెట్టమని. "అడగందే అమ్మైనా పెట్టదు" అంటారు. అడిగితే హెన్రిక్ పెట్టినదాన్ని కూడా తీసేస్తాడు.

"ఏమైంది మేడమ్, గట్ల సగం కూసున్నరు?" అన్నాడు నర్సింగ్ టీ తాగుతూ.

"హెన్రిక్ తీసేశాడు నర్సింగ్!"

"ఎవర్ని?"

"మార్పుని! నేనే తీసెయ్యమన్నానట!"

"ఎందుకు తియ్యమన్నరు?"

"జవాబివ్వమన్నాను!"

అతను వంగి నా ఉత్తరం చదివాడు. టీ గ్లాసు మెల్లగా కింద పెట్టాడు. "రివర్ట్ అంటే ఏందో మీకెరుకే గద మేడమ్?"

"కోడ్‌లో ఎరుకే. ఉత్తరంలో మర్చిపోయాను. సరేలే, మన దగ్గర నిన్నటి కాపీ ఉంది కదా?"

నర్సింగ్ మొదటిసారి పరేషాన్‌గా కనిపించాడు. "రోజూ రాత్రి కొత్త కాపీ దానంతట అదే దిగుతది గద. పాతదాని మీదనే దిగింది. డిస్క్‌ల జాగ లేదు మేడమ్."

డెమో పదకొండింటికి. హెన్రిక్ దేశంలో అప్పటికింకా తెల్లవారలేదు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం సామెత. నేను ఆకుల్ని కూడా కాల్చే పనికి దిగాను. లిస్టుకు ఇంకో ఉత్తరం కొట్టాను. "ఐ ఆస్క్డ్ యూ టు రివర్ట్, నాట్ టు రివర్ట్. ప్లీజ్ రివర్ట్ ది రివర్ట్ అండ్ రివర్ట్ బ్యాక్."

జవాబివ్వమన్నాను గానీ తీసెయ్యమనలేదు, తీసినదాన్ని మళ్ళీ పెట్టి జవాబివ్వండి అని నా ఉద్దేశం. రాస్తున్నప్పుడు అది నాకు మంచినీళ్ళంత స్పష్టంగా ఉంది, ఒట్టు. పది నిమిషాల్లో ఆస్ట్రేలియా నుంచి మేలుకుని ఉన్న ఎవరో జవాబిచ్చారు. "అమ్మా, మీ ఉత్తరంలో రివర్ట్ ఐదుసార్లు ఉంది. సరిసంఖ్య అయితే మళ్ళీ మొదటికొస్తాం. బేసి అయితే రాం. మీకు ఏది కావాలి?" దాని కింద ఇంకొకాయన, అందులో రెండింటికి ముందు 'నాట్' ఉందా ఒకదానికే ఉందా అని చర్చ మొదలుపెట్టాడు. పదిన్నరకల్లా పద్దెనిమిది ఉత్తరాలు. కోడ్ మార్చే తాళాలు ఎవ్వరి చేతుల్లోనూ లేవు. తాళాలున్నవాడు నిద్రపోతున్నాడు.

"ఫికర్ చెయ్యకున్రి," అన్నాడు నర్సింగ్. "ఇద్దరు ఒక్కసారి నొక్కితెనే గద తప్పు. ఒక్క కంప్యూటరే చూపిద్దాం. రెండోదాని ముంగట నేను కూసుంట."

"భూకంపం వచ్చినా లేవకూడదు."

"లేవ."

పదకొండింటికి ఆంజనేయులుగారు వచ్చారు. వెనకాలే భార్య పద్మమ్మగారు. ఆమె వస్తారని మాకు ఎవరూ చెప్పలేదు. గది మొత్తం ఒకసారి చూసి తిన్నగా నర్సింగ్ దగ్గరికి వెళ్ళారు. "జర లే నాయనా. మోకాళ్ళ నొప్పులు. నీ కుర్చీ మెత్తగున్నది."

నర్సింగ్ లేచాడు. నేను కళ్ళతో నిప్పులు కురిపిస్తే, "పెద్దమనిషి అడిగితె ఎట్ల కూసుంట మేడమ్?" అని గొణిగాడు. భూకంపానికైతే నిజంగానే లేచేవాడు కాదేమో.

ఇటు ప్రసాదరావుగారు ఆంజనేయులుగారిని మొదటి కంప్యూటర్ ముందు కూర్చోబెట్టారు. "సరదాకి మీ పేరే కొట్టి చూడండి సార్." ఆయన పేరుతో ఆగకుండా, రెండు వేళ్ళతో, నాలుక కొస బయటపెట్టి, గళ్ళన్నీ ఎంతో శ్రద్ధగా నింపారు. అటు నర్సింగ్ చెయ్యి అడ్డం పెట్టేలోగా పద్మమ్మగారు తన చెల్లెలి కూతురి పేరు కొట్టేశారు. ఇద్దరూ ఒక్కసారే బటన్ నొక్కారు. ముప్ఫై ఏళ్ళ కాపురంలో వాళ్ళు అంత కలిసికట్టుగా ఏ పనీ చేసి ఉండరు.

"బిడ్డా, మా పిల్ల పేజీల ఎవడో మొగోడు వచ్చిండు," అన్నారు పద్మమ్మగారు. కళ్ళజోడు సర్దుకుని గట్టిగా చదివారు. "ఆంజనేయులు. మదీనాగూడ. ఇరవై ఏడేండ్లు..." చదవడం ఆగింది. "ఏందయ్యా ఇది? మన పెద్దోనికే ఇరవై ఆరు! ఏడాది పిల్లగానివి ఉన్నప్పుడు కన్నవా వాన్ని?"

"సరదాకే పద్మా! సార్ కొట్టమన్నడు!"

"ఎన్నడు పెండ్లి కాలేదని గూడ సారే కొట్టమన్నడా? మరి నేనెవర్ని? ముప్పై ఏండ్ల సంది నీ ఇంట్ల కిరాయికి ఉంటున్ననా?" మళ్ళీ తెరవైపు తిరిగారు. "'కట్నం వద్దు, పిల్ల అందంగా ఉంటే చాలు.' మా నాయన దగ్గర ఈ మాట ఎందుకు రాలే నోట్లకెల్లి?"

ప్రసాదరావుగారు నావైపు చూశారు. ఆ చూపులో సంతకం లేని నా కాగితం కనిపించింది. పక్కనే చందానగర్ వెళ్ళే బస్సు కూడా కనిపించింది.

మొగుడూపెళ్ళాలు వరండాలోకి వెళ్ళారు. తగవు గంట నడిచింది. మేం రెండుసార్లు టీ పంపించాం, రెండుసార్లూ తాగారు గానీ తగ్గలేదు. నేను లోపల కూర్చుని, ఇద్దరు పిల్లల్నీ చంకనేసుకుని బాలమణి అత్తమ్మకు ఏమని చెప్పాలో మాటలు కూర్చుకుంటున్నాను. అప్పుడు హెన్రిక్ నిద్రలేచాడు. పద్దెనిమిది ఉత్తరాలూ చదివి, బాగుచేసిన కోడ్‌ను నేరుగా నాకే పంపాడు. నర్సింగ్ పది నిమిషాల్లో ఎక్కించాడు. ఇద్దరం రెండు కంప్యూటర్ల మీద ఇరవైసార్లు నొక్కి చూశాం. ఎవరి పేజీ వాళ్ళకే వచ్చింది.

గండం గట్టెక్కిందని మీరూ అనుకున్నారు కదూ? నేనూ అనుకున్నాను. దంపతుల్ని లోపలికి పిలిచి, "ఇప్పుడు చూడండమ్మా" అన్నాను. పద్మమ్మగారు నొక్కారు. చెల్లెలి కూతురి పేజీయే వచ్చింది. ఇంకోసారి నొక్కారు. మళ్ళీ అదే.

"మా ఆయనేడి?"

"లేరండీ. రారు."

"ఇందాక ఉండె గద! గంటల ఏడికి పోయిండు? అందరు గల్సి దాచిన్రు."

"నేన్లేను పద్మా, అండ్ల నేనెన్నడు లేను," అన్నారు ఆంజనేయులుగారు. అది మంటలో కిరసనాయిలు పోసింది.

ప్రసాదరావుగారు ముందుకొచ్చి గొంతు సవరించుకున్నారు. "అది సాంకేతిక సమస్యండీ అమ్మా."

"సాంకేతికనా? గదెవతి?"

ఆంజనేయులుగారి మొహం చూశాను. ఆ తగవు ఇక ఈ జన్మలో తీరేది కాదు. నోరు మూసుకుంటే తప్పు ఆయన నెత్తిన ఉంటుంది, నా కాగితం బతకొచ్చు. నోరు తెరిస్తే నా కాగితం పోతుంది. పిల్లలు కళ్ళముందు మెదిలారు. అయినా నోరు తెరిచాను. ధైర్యంతో కాదు. కంగారులో నా నోరు ఎప్పుడూ నన్ను అడిగి తెరుచుకోదు.

"తప్పు నాదండీ అమ్మా. ఒకాయన దీన్ని బాగుచేసి పెట్టాడు. నేను ఆయన్ని జవాబివ్వమంటే, ఆయన తీసెయ్యమన్నానని అనుకున్నాడు."

"జవాబుకు, తీసుడుకు ఏం సంబంధం?"

ఎలా చెప్పను? చటుక్కున మేం చందానగర్‌లో దిగిన కొత్తలో జరిగింది నోటికొచ్చింది. "మేం తెనాలివైపు వాళ్ళమండీ. మా ఓనరు అత్తమ్మ దగ్గరికి గ్లాసు పట్టుకుని వెళ్ళి 'బియ్యం నిండుకున్నాయి అత్తమ్మా' అన్నాను. ఆమె 'మంచిదే బిడ్డా, ఎప్పుడు నిండుగుండాలె' అని దీవించి తలుపేసుకుంది."

"మంచిగనే అన్నది గద?"

"నిండుకున్నాయంటే అయిపోయాయని అండీ మా వైపు! ఆ పూట పిల్లలకు అటుకులు పెట్టాను."

పద్మమ్మగారు నన్ను తేరిపార చూశారు. "ఒడిసినయంటే ఒడిసినయనాలె గదా?"

"అలా అనకూడదండీ. అశుభం."

ముందు ఆమె భుజాలు కదిలాయి. తర్వాత పొట్ట. తర్వాత కుర్చీ. కళ్ళు తుడుచుకుంటూ, "అయితే తప్పు మిషిన్‌ది గాదు?" అన్నారు.

"కాదండీ. నాదే."

"మా ఆయనది గూడ కొంచెం ఉన్నది. ఇరవై ఏడని ఎవరు కొట్టమన్నరు?" అని ప్రసాదరావుగారి వైపు తిరిగారు. "తీసుకుంటం సారూ. కానీ మా పని ఈ నిండుకున్న పిల్లనే చూడాలె. దీనికి అబద్ధం దాచుడు రాదు."

సాయంత్రం ప్రసాదరావుగారు నా కాగితం బయటికి తీసి సంతకం పెట్టారు. సంతకం కింద అచ్చులోనే "కైండ్లీ రివర్ట్" అని ఉంది. ఆయన ఒక్క క్షణం ఆలోచించి దాన్ని కలంతో రెండు గీతలు పెట్టి కొట్టేశారు. "ఎందుకైనా మంచిదండీ" అన్నారు.

హెన్రిక్ కూడా మార్పును లోకానికంతటికీ మళ్ళీ పెట్టాడు. పెడుతూ కోడ్ పక్కన ఒక గమనిక రాశాడు: "ఇండియా నుంచి ఎవరైనా రివర్ట్ చేయమంటే ముందు జవాబివ్వండి. తర్వాత అసలేం కావాలో అడగండి. అప్పటిదాకా ఏదీ ముట్టుకోకండి." ఆ చట్రాన్ని దించుకున్న ప్రతి ఒక్కరి కంప్యూటర్లోనూ ఆ ముక్క ఉంది. జనం చరిత్రలోకి రకరకాల దారుల్లో వెళతారు. నేను ఇలా వెళ్ళాను.

మర్నాడు పొద్దున జడ వేయించుకుంటూ పెద్దది, "నిన్న ఆఫీసులో ఏం చేశావమ్మా?" అంది. చిన్నవాడు పాలగ్లాసు వెనక నుంచి చూస్తున్నాడు. దువ్వెన పక్కన పెట్టి, ఇద్దరినీ ఎదురుగా నిలబెట్టి, చెయ్యి గుండెల మీద వేసుకుని చెప్పాను:

"వినండర్రా. ఎవరైనా మీకు మేలు చేస్తే 'థాంక్స్' అని నోరు మూసుకోవాలి. ఇకమీదట మీ అమ్మ కూడా అంతే. థాంక్స్ తర్వాత ఇంకొక్క ముక్క రాసిందని తెలిస్తే, మీరిద్దరూ కలిసి నాకు గోడకుర్చీ వేయించండి."