ఏనుగు నొసలెత్తున

మా బాపు పాల్మాకులలో కమ్మరి. పదును చూడకుండా ఏ ఇనుమునూ కొలిమి దాటనిచ్చేవాడు కాదు. నాగలి కర్రు గానీ కొడవలి గానీ మొన మీద బొటనవేలు ఆనించి, మనసు కుదిరితేనే రైతు చేతికిచ్చేవాడు. విమానాశ్రయం వచ్చాక చుట్టూ పొలాలు ప్లాట్లయ్యాయి. కర్రు సాగదీయించుకునేవాళ్లు లేక కొలిమి నెలల తరబడి చల్లగా పడి ఉండేది. అయినా బాపు రోజూ దాని చుట్టూ ఊడ్చేవాడు. అది చూస్తే నాకు ఏడుపొచ్చేది.

2012లో, హైవే పక్కన ఫంక్షన్ హాలు కడుతున్నాయన వచ్చాడు. కోట దర్వాజాలాంటి తలుపు చేయిస్తున్నాడట, ఇనుప ముళ్లు కావాలన్నాడు. మర్నాడే బాపు నన్ను వెంటబెట్టుకుని గోల్కొండ బస్సెక్కాడు. ముట్టడికి వచ్చినవాళ్లు ఏనుగుల తలలతో తలుపులు గుద్దించేవారని, వాటి నొసలు తగిలే ఎత్తున ఈ ముళ్లు కొట్టారని అక్కడి కాపలా మనిషి చెప్పాడు.

"గిది చేసినోడు మనోడే బిడ్డా," అన్నాడు బాపు.

"మన హాలుకు ఏనుగులేడికెళ్లి వస్తయి బాపూ?" అని నవ్వాను. ఆయన నవ్వలేదు.

నెల రోజులు కొలిమి మండింది. నేను గాలి కొట్టాను. ఒక్కో ముల్లు జానెడు, ముట్టుకుంటే నెత్తురొచ్చేంత పదును. తలుపుకు బిగించిన రోజు హాలాయన చూసి తల పట్టుకున్నాడు.

"తాతా, గింత పదునేంది? పెండ్లికొచ్చినోళ్ల చీరలు చినుగుతయి, పోరగాండ్లకు గుచ్చుకుంటయి. మొనలు తీసెయ్యి."

ఆయనన్నదీ నిజమే. అన్ని రోజుల్లో మా ఇద్దరికీ ఆ సంగతి ఒక్కసారీ తట్టలేదు. మిషనుతో కోయిస్తానంటే బాపు ఒప్పుకోలేదు.

"నేను చేసినయి, నేనే అరగదీస్త."

రెండు రోజులు ఆకురాయి పట్టుకుని నిచ్చెన మీద నిలబడ్డాడు. మొద్దు చేసిన ప్రతి మొన మీదా అలవాటుగా బొటనవేలు ఆనించేవాడు. నేను అటు చూడలేకపోయాను. హాలాయన వచ్చి చేయి అందినంత మేర నిమిరి, బాగుందని పోయాడు. బాపు మళ్లీ కొలిమి వెలిగించలేదు.

2014లో చుట్టాల పెళ్లికి ఆ హాలుకే వెళ్లాను. అప్పటికి బాపు పోయి ఏడాది. తలుపుకు పూలదండలు కడుతున్న మనిషి, తన చేయి తానే పట్టుకుని నిచ్చెన దిగాడు. వేలు చీరుకుపోయి నెత్తురు కారుతోంది.

"పై వరుస జర చూస్కో అక్కా, సూదుల లెక్క ఉన్నయి," అన్నాడు.

అతని వేలికి నా రుమాలు కట్టి, నేను నిచ్చెనెక్కాను. పై వరుసలో ఒక్క ముల్లుకూ ఆకురాయి తగల్లేదు. అది ఏనుగు నొసలెత్తు. బొటనవేలు ఆనించి చూశాను.