మూసిన కత్తి

పెట్రోలు దొరకని యుద్ధం రోజుల్లో ఎమ్మిగనూరు నుంచి ఆదోనికి పోయే, బొగ్గుతో నడిచే బస్సులో, నా కొత్త మడతకత్తి పదును పక్కనున్న ముసలి నేతగాడికి గొప్పగా చూపించాను. చూపించి, మూసి, ఆయన ఒళ్లోని చీర మీదే పెట్టాను.

బస్సు కుదిపింది. కత్తి జారి, పిడి మీద పొడుచుకొచ్చిన మేకు తగిలి చీరలో పోగు లేచింది. అమ్మకానికి తీసుకుపోతున్న చీర.

ఆయన గోటితో పోగు సర్దాడు. బొగ్గు వేయడానికి బస్సు ఆగితే కత్తి తీసుకుని దిగి, ఆ మేకును రాతి మీద నున్నగా అరగదీసి తెచ్చిచ్చాడు.

“తెరిసినప్పుడు ఏ కత్తైనా మంచిదేనప్పా. దినమంతా జేబులో మూసుకోనే గదా ఉండేది? అప్పుడు దేన్నీ పీకగూడదు.”

తర్వాత, పోగు లేచిన చోటు లోపలికి దాచకుండా, కొనేవాళ్లకు కనపడేలా చీర మడిచాడు.

ఇప్పటికీ కత్తి మూయగానే ఆ మేకు మీద ఓసారి బొటనవేలు రాసి చూసుకుంటాను.