ఆంటీ అల్లించిన జడ

బుధవారం పొద్దున ఆఫీసుకు వెళ్తూ రైల్లో ఉండగా మా కోలాటం గ్రూపులో మెసేజీ వచ్చింది, మాకు ఆట నేర్పే ఆంటీ నిద్రలోనే పోయారని. దిగాల్సిన స్టేషన్ దాటిపోయింది. సిగ్గు విడిచి చెబుతున్నా, నాకు మొదట తట్టిన మాట ఇది: జడ ఇంకా విప్పలేదే!

కోలాటంలో ఒక్కో వరసను కోపు అంటారు. మామూలు కోపులు ఆర్నెల్లలో ఎవరికైనా వస్తాయి. ఏళ్లుగా ఆడుతున్న మా ఎనిమిదిమందికి మాత్రం ఆంటీ జడ కోపు నేర్పారు. ఊళ్లో అయితే దూలానికి తాళ్లు కట్టి ఆడతారు. దేశం కాని దేశం, ఇక్కడ దూలం ఏదీ? కిటికీ బయట బట్టలారేసే వెదురుకర్ర తెచ్చి, కొసకు ఎనిమిది పాత చీర పీలికలు కట్టారావిడ. చోవా చూ కాంగ్‌లో మా అపార్ట్‌మెంట్ల బ్లాకు కింద ఆవిడ భర్త, మా అంకుల్, ఆ కర్ర నిలబెట్టి పట్టుకునేవారు. మేం తలా ఒక పీలికతో లోపలికీ బయటికీ మారుతూ తిరిగితే పైన జడ పడేది. ఆంటీ ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని "లోపల... బయట..." అని మెల్లగా చెప్పేవారు. చివర్లో ఆవిడ "ఇక దించండి" అనేదాకా అంకుల్ కదిలేవారు కాదు.

జడను చేత్తో విప్పనిచ్చేవారు కాదు, వెనక్కి ఆడే విప్పాలి. ఎవరైనా తప్పి ఉంటే అక్కడ బిగుసుకునేది. ఆ ఎవరైనా సాధారణంగా నేనే. "అమ్మా, యూ అగైన్ లా" అని మా అమ్మాయి ఇక్కడి యాసలో వెక్కిరించేది. ఆంటీ తిట్టేవారు కాదు. "వెళ్లేప్పుడు ఎక్కడ తప్పావో వచ్చేప్పుడూ అక్కడే తప్పడుగు వెయ్యవే. అదే వదుల్తుంది" అనేవారు. ఎవరు ఏ చుట్టులో తప్పారో అన్నీ ఆవిడకు గుర్తే. అందుకే ఆవిడంటే నాకంత ఇష్టం.

ఆఖరి ఆదివారం జడ అల్లాక "ఆయాసంగా ఉందర్రా, వచ్చేవారం విప్పుదాం" అన్నారు. ఆ రోజూ నేను తప్పాను. ఆంటీ ఒక్కరే చూసి, నవ్వి ఊరుకున్నారు.

పన్నెండో రోజు దాటాక అంకులే కర్రతో కిందికి దిగారు. జడ అలాగే ఉంది.

"చేత్తో విప్పితే మీ ఆంటీ ఊరుకోదమ్మా. మీరే ఆడి విప్పండి" అన్నారు.

ఆవిడ కుర్చీ ఎప్పటి చోటే వేశాం. ఎవరికి వాళ్లం "లోపల... బయట..." అని మనసులో అనుకుంటూ వెనక్కి ఆడాం. మూడో చుట్టులో జడ బిగుసుకుంది. అందరూ మొహాలు చూసుకున్నారు.

"ఆ రోజు తప్పింది నేనే. బయటికి పోవాల్సినదాన్ని లోపలికి పోయాను" అన్నాను. ఏడుపాగలేదు. కళ్లు తుడుచుకుని అక్కడే, అలాగే మళ్లీ తప్పాను. జడ వదులైంది.

ఎనిమిది పీలికలూ విడివడ్డాయి. మేం చేతులు వదిలేశాం. అంకుల్ మాత్రం కర్ర పట్టుకుని, ఆ కుర్చీ వైపే చూస్తూ నిలబడే ఉన్నారు.