ఊడింది ఫ్రేము కాదు

తొంభైల చివర్లో, నేను చిలకలూరిపేటకు కాపురానికొచ్చిన కొత్త. మా అత్తగారు కుట్టిన నెమలి బొమ్మకు నేనే చెక్క ఫ్రేము చేయబోయాను. ఏటవాలుగా కోసిన చెక్కలకు జిగురు పెట్టి ఒక మూల నొక్కితే ఇంకో మూల విచ్చుకునేది. చివరికి సైకిల్ ట్యూబును పొడవుగా కోసి, ఫ్రేము చుట్టూ లాగి బిగించాను.

"ఏమ్మా, అదేమన్నా మిరపకాయల టిక్కీ బస్తానా, అట్లా కట్టడానికి? వడ్రంగిని పిలువు" అని మామయ్యగారు నవ్వారు. నాకు రోషమొచ్చింది. రోజంతా ఆ కట్టు విప్పలేదు.

మర్నాడు కట్టు విప్పి, బొమ్మా అద్దమూ బిగించాక, చుట్టాల ముందు మామయ్యగారే మేకు కొట్టి ఫ్రేము తగిలించారు. అందరూ చూస్తుండగా అది ధడేల్మని కిందపడింది. సిగ్గుతో చచ్చిపోయాను. తీసి చూస్తే అద్దం పగిలింది గానీ, నాలుగు మూలల్లో ఒక్కటీ విడలేదు. ఊడింది మేకు!

మామయ్యగారు గోడకేసి చూసి, "ఫ్రేము గట్టిదేనమ్మా" అన్నారు మెల్లగా.

ఆ రోజు నుంచీ మా ఇంట్లో మేకులు కూడా నేనే కొడుతున్నాను.