అక్క జుట్టు పెంచిన ఏళ్ళు

మా అక్క రొమ్ములో ఉన్నది మామూలు గడ్డ కాదని తెలిసిన రోజు అందరికంటే ముందు ఏడ్చింది అక్క కాదు, నేనూ కాదు, అక్క అత్త. ఏడ్చి, కొంగుతో ముక్కు తుడుచుకుని, ఆమె అన్న మొదటి మాట ఇది: "ఈ సంగతి ఊర్లో ఎవురికీ తెలియకూడదు." నాకు ఒళ్ళు మండింది. మనిషి బతుకుతుందా లేదా అని మేము చూస్తుంటే ఈమెకు ఊరు గుర్తొచ్చింది.

ఇది తొంభైల చివరి మాట. అక్కను కోవిల్‌పట్టి దగ్గర ఒక పల్లెలో ఇచ్చారు. నల్లరేగడి నేల, వానను నమ్ముకున్న సేద్యం, పత్తి, సజ్జ, మినుము. నేను విరుదునగర్‌లో ఉండేదాన్ని. మా ఆయన అక్కడ పప్పుల మండీలో తూకం చూసేవారు. మదురై ఆస్పత్రికి పోవాలంటే అక్క రైల్లో నా దగ్గరికి వచ్చి, ఒక పూట పడుకుని, మరునాడు నాతో కలిసి వచ్చేది. మా ఇళ్ళలో తెలుగు మాట్లాడతాం, గడప దాటితే అరవం. తెలుగు అక్షరాలు నాకు చాలా ఆలస్యంగా, మా ఆయన పని మీద నెల్లూరులో ఉన్నప్పుడు వచ్చాయి. అక్కకు చివరి దాకా ఏ అక్షరాలూ రాలేదు. కాబట్టి తన సంగతి ఇట్లా రాసి పెట్టినందుకు నన్ను తిట్టాలన్నా, ఎవరైనా చదివి వినిపిస్తే తప్ప తిట్టలేకపోయేది.

అత్త భయానికి కారణం లేకపోలేదు. ఆమె పుట్టింటి ఊర్లో ఒకామెకు ఇదే జబ్బు వస్తే, పళ్ళెం వేరు, చెంబు వేరు పెట్టి పశువుల కొట్టంలో పడుకోబెట్టారట. జబ్బు పేరు కూడా ఎవరూ పలకలేదట. అత్త చిన్నపిల్లగా అదంతా కళ్ళారా చూసింది. అందుకని ఆమెను తిట్టడానికి నాకు నోరు రాదు. తిట్టాలని మాత్రం ఇప్పటికీ ఉంటుంది.

ఆపరేషన్‌కు పోయినప్పుడు ఊర్లో గర్భసంచి తీసేస్తున్నారని చెప్పారు. అది అందరికీ జరిగేదే కాబట్టి ఎవరూ గుచ్చి అడగలేదు. చిక్కంతా తర్వాత ఎక్కించిన మందుతో వచ్చింది. రెండోసారి ఎక్కించాక మా ఇంట్లోనే అక్క జుట్టు రాలడం మొదలైంది. నడుం దాటిన జుట్టు ఆమెది. దువ్వెన పెడితే దువ్వెనంతా జుట్టే, దిండు ఎత్తితే దిండు కింద జుట్టే. అక్క ఏడవలేదు. రాలినదంతా ఏరి, చుట్ట చుట్టి, గూట్లో పెట్టేది. నేను చూడలేక వంటింట్లోకి పోయి గిన్నెలు కడిగేదాన్ని, కడిగిన గిన్నెలే మళ్ళీ కడిగేదాన్ని.

గుండుతో ఊరికి ఎట్లా పోవడం? ఆ ఉపాయం కూడా అత్తదే. కొండకు పోయి మొక్కు చెల్లించి వచ్చామని చెప్పమంది. మా వాళ్ళకు పెరుమాళ్ళు ఇంటి దేవుడు. పెళ్ళయిన ఆడవాళ్ళు కూడా తిరుపతి కొండకు తలనీలాలు ఇస్తారు, అందులో ఎవరికీ అనుమానం రాదు. మిగిలిన నాలుగు వెంట్రుకలు మా ఇంటి దగ్గరే గీయించి, తలకు చందనం పూసి, విరుదునగర్ మిఠాయి కొట్లో లడ్లు కొని, అత్త అక్కను ఊరికి తీసుకుపోయింది. నేనూ వెంట పోయాను. కొండకు పోయివచ్చిన మనిషి అని వాకిట్లోనే ఆడవాళ్ళు చుట్టూ చేరారు. చూపు సరిగా ఆనని ఎదురింటి అవ్వ కర్ర పట్టుకుని మెల్లగా వచ్చింది. ఆమె పుట్టి బుద్ధెరిగి కొండ చూడలేదు. అక్క తల మీద అరచేయి పెట్టి, ఆ చేతిని కళ్ళకద్దుకుంది. లడ్డు కూడా కళ్ళకద్దుకునే తిన్నది.

ఆ సాయంత్రం అక్క నన్ను పెరట్లోకి పిలిచింది.

"పాపా, ఆయవ్వ నా తల ముట్టి కండ్లకద్దుకొనె, చూస్తివా? సామి పేరు చెప్పి అబద్దం ఆడితిని."

"చెప్పింది మీ అత్త. నువ్వు నోరే తెరవలేదు గదా."

"తల నాది గదా," అన్నది.

నేను నవ్వేసి ఊరుకున్నాను. మందు వేడికి ఏదో అంటున్నదనుకున్నాను.

మందు ఎక్కించడం అయిపోయింది, రేడియేషన్ కరెంటు పెట్టడం కూడా అయిపోయింది. అక్క బతికింది. ఇక బాగా చూసుకుంటే చాలన్నారు. ఆస్పత్రిలో ఒక నర్సమ్మ గోడ దగ్గర నిలబెట్టి, ఆపరేషన్ అయిన వైపు చెయ్యి వేళ్ళతో గోడ పైకి పాకించమని నేర్పింది. రోజూ చేయకపోతే చెయ్యి వాస్తుందని గట్టిగా చెప్పింది. నా ఇంట్లో ఉన్నన్నాళ్ళు అక్క చక్కగా చేసింది. ఊరికి పోయాక, ఎవరైనా చూస్తారని దొడ్లో చొప్ప వేసే కొట్టంలో తలుపు మూసుకుని చేసేదట. ఒకరోజు పక్కింటామె తలుపు తోసుకుని వస్తే, బూజు దులుపుతున్నానని చెప్పిందట. "చీపురు లేకుండానా?" అని ఆమె నవ్విందట. ఆ రోజుతో మానేసింది. కొన్ని నెలలకు చెయ్యి నిజంగానే వాచింది. పొడుగు చేతుల రవికె కుట్టించుకుంది.

జుట్టు మాత్రం వచ్చింది. మొదట మేకపిల్లకు వచ్చినట్టు రింగులు రింగులుగా, తర్వాత నున్నగా, మునుపటికంటే నల్లగా. విరుదునగర్ గానుగ నువ్వులనూనె సీసాలు సీసాలుగా నా దగ్గరనుంచి తీసుకుపోయేది. జుట్టు మీద అంత శ్రద్ధ పెడుతున్నదంటే మనసు కుదుటపడిందనే మేమంతా సంతోషించాం. ఊర్లో ఆడవాళ్ళు "కొండకు ఇస్తే ఇట్లనే వస్తాది" అని మురిపెంగా ముట్టుకుని చూసేవాళ్ళట. వాళ్ళు అట్లా అన్నప్పుడల్లా అక్క లోపలికి పోయేదట. ఇవన్నీ నాకు తర్వాత తెలిశాయి.

మొదటి ఏడాది చూపించుకోవడానికి పిలిచినప్పుడల్లా వచ్చింది. రెండో ఏటినుంచి సాకులు మొదలయ్యాయి. పత్తి ఏరే పని, మినుము కొట్టే పని, అత్తకు జ్వరం. బాగున్నా రావాలి, బాగున్నప్పుడే రావాలి అని మదురై డాక్టరమ్మ చెప్పింది కదా అని నేను అరవంలో కార్డు ముక్కలు రాస్తే, బావ చేత చదివించుకుని ఊరుకునేది. ఓపిక పట్టడం నాకు పుట్టుకతోనే రాలేదు. అయినా రెండేళ్ళు పట్టాను, ఆపైన ఒక ఆదివారం బస్సెక్కి పోయాను. అక్క పంచలో కూర్చుని తల దువ్వుకుంటున్నది. జడ వీపు మధ్యకు వచ్చింది.

"డాక్టరమ్మ రమ్మని ఎన్ని తూర్లు చెప్పల్ల? నీకేమి వచ్చె?"

"ఇంగ ఒక జానెడు పెరగల్ల పాపా," అన్నది.

నాకు అర్థం కాలేదు. అప్పుడు మెల్లగా చెప్పింది. నడుం దాటిన జుట్టును సామికి ఇచ్చినట్టు ఊరికి చెప్పాం కదా. అంత జుట్టూ మళ్ళీ పెంచి, నిజంగా కొండకు పోయి, నిజంగా ఇచ్చి వస్తుందట. అప్పుడుగాని ఆస్పత్రికి రాదట.

"దానికీ దీనికీ ఏమి?"

"ఆ బాకీ తీర్చకముందే ఇంగొక వరం ఎట్ల అడిగేది?"

"డాక్టరు దగ్గరికి పోయేది వరం అడిగేదా?"

"బతకల్లనే గదా పోయేది," అన్నది చాలా శాంతంగా.

నేను అరిచాను. జుట్టు కొలిచి తీసుకోవడం తప్ప సామికి వేరే పని లేదా అన్నాను. వీపు దాకా ఉన్నది చాలు, రేపే పోయి ఇచ్చేద్దాం పదమన్నాను. పొట్టి జుట్టు ఇస్తే అది రెండో మోసం అవుతుందన్నది. బావ నెమ్మదస్తుడు. "ఆమె మనసుకు నిమ్మళంగా ఉంటే సాలు, వదిలెయ్యి" అన్నాడు. నేను అన్నం తినకుండా వచ్చేశాను. లాక్కుని పోవాల్సింది కదా అని తర్వాత నన్ను చాలామంది అడిగారు. ఇద్దరు పిల్లల తల్లిని, నిలబడి వద్దన్న మనిషిని ఎట్లా లాక్కుపోతారో వాళ్ళు ఒకసారి లాగి చూస్తే తెలుస్తుంది.

నడుం నొప్పి ఎప్పుడు మొదలైందో ఎవరికీ తెలియదు. కలుపు తీసి తీసి నడుం పట్టిందని బావకు చెప్పింది. అత్త ఆముదం రాసింది. ఆ మరుసటి ఎండాకాలం అక్క తనంతట తానే విరుదునగర్ వచ్చింది. స్టేషన్‌లో రైలు దిగలేకపోయింది. బావా, మా ఆయనా చెరో వైపు పట్టుకుని దించారు. ముఖం పీక్కుపోయి ఉంది, జడ మాత్రం నడుం దాటి, కనకాంబరాలతో నిండుగా ఉంది. ప్లాట్‌ఫారం మీద ఒకావిడ ఆ జడనే చూసి, "ఏం జుట్టమ్మా" అని అరవంలో అన్నది.

ఎముకల్లోకి పాకిందని డాక్టరమ్మ చెప్పింది. మళ్ళీ మందు ఎక్కించాలి, ఇవాళే చేర్పించండి అన్నది. అక్క అంతా విని ఒక్కటే అడిగింది.

"జుట్టు రాలుతాదా?"

"రాలుతుందమ్మా. మళ్ళీ వస్తుంది."

"అట్లైతే కొండకు పోయొచ్చి ఏసుకొంటాను."

డాక్టరమ్మ నా వైపు చూసింది. ఆస్పత్రి వరండాలో బావ అక్క కాళ్ళ దగ్గర కూర్చుని బతిమాలాడు, ఎన్నడూ గొంతు పెంచని మనిషి ఆమెను గట్టిగా కసిరాడు కూడా. ఆమె కదలలేదు. చివరికి డాక్టరమ్మ నొప్పికి మాత్రలిచ్చి, పోయి వెంటనే తిరిగి రమ్మన్నది.

కొండ మీద అక్క నిటారుగా కూర్చోలేకపోయింది. నేను వెనక కూర్చుని నా మోకాళ్ళకు ఆనించుకున్నాను. గుండు చేసే ఆయన నీళ్ళు చల్లి కత్తి పెట్టాడు. జడ జడగానే నా ఒళ్ళో పడింది. అన్నేళ్ళుగా నా లోపల ఉడుకుతున్న కోపం ఎటు పోయిందో పోయింది, నేను బావురుమన్నాను. అక్క నవ్వుతున్నది. "తీరిపోయె పాపా, ఇంగ ఎట్ల చెప్తే అట్ల వింటాను" అన్నది. అన్నట్టే విన్నది. అంత బుద్ధిగా మందు తీసుకున్న రోగిని ఆ వార్డులో నేను చూడలేదు. వాంతి అయినా మళ్ళీ గంజి అడిగి తాగేది. అందరూ చూస్తుండగానే గోడకు చెయ్యి పాకించేది. పక్క మంచం ఆమెకు భయపడవద్దని తనే ధైర్యం చెప్పేది. రాత్రిళ్ళు నిద్రపోయేది. ఆమె మనసు అంత తేలిగ్గా ఉండడం నేను పెళ్ళికి ముందు చూశాను, మళ్ళీ అప్పుడే చూశాను.

ఒంటికి మాత్రం మందు పట్టలేదు. ఏడాది ముందు వచ్చి ఉంటే చూసేవాళ్ళం, ఇంటికి తీసుకుపోండి అన్నారు.

ఊరికి తీసుకొచ్చాం. పంచలో మంచం వేశాం. చూడడానికి ఆడవాళ్ళు వచ్చి కూర్చున్నారు, ఎదురింటి అవ్వ కూడా వచ్చింది. అక్క నన్ను తల కింద ఇంకో దిండు పెట్టమన్నది. అత్త వద్దు వద్దని కళ్ళతో సైగ చేస్తున్నా ఆగలేదు.

"మొదటి తూరి నేను కొండకు పోలేదు. నాకు వచ్చింది పుట్రునోయి, క్యాన్సరు. మందుకు జుట్టు రాలిపాయె. మీ అందరికీ అబద్దం చెప్పితిమి. నన్ను మన్నించండి," అన్నది.

ఎవరూ ఉలిక్కిపడలేదు. ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. అవ్వే ముందు మాట్లాడింది.

"తెలుసు గదమ్మా."

"ఎప్పుడు తెలుసు?"

"అప్పుడే. నీకు కనుబొమ్మలు కూడా లేకపాయె. కొండలో అవి తీయరు గదా. మీ ఇంట్లో వద్దనుకొన్నారు, మేము అడిగితే నీ మనసు నొస్తాదని ఊరికే ఉంటిమి."

చూపు ఆనని అవ్వకే తెలిస్తే ఇక ఎవరికి తెలియదు? చీపురు లేకుండా బూజు దులపడం చూసి నవ్వినామె తల వంచుకుని కూర్చుంది. వీళ్ళలో ఒక్కరు ఒక్కసారి నోరు జారి ఉంటే ఏమి పోయేదని నాకు ఏడుపూ కోపమూ ఒకేసారి పొంగాయి. వాళ్ళను ఏమనగలను? మంచి మనసుతోనే నోరు మూసుకున్నారు.

అక్క అవ్వ వైపు తల తిప్పింది.

"అట్లైతే నేను ఎవురినీ ఏమార్చలేదు గదా అవ్వా?"

"లేదు బిడ్డా."

అక్క నా చెయ్యి వెతికి పట్టుకున్నది.

"పాపా, అట్లైతే నేను ఇన్నేండ్లూ ఊరికే కాచుకొనుంటినా?"

లేదక్కా అన్నాను. ఆమె నమ్మలేదు.