శోకాల మీటింగు

వాన వెలిసిన మరునాడు నంద్యాలలో మా వీధి కాలువ పొడుగునా మునిసిపాలిటీ వాళ్లు బ్లీచింగ్ పౌడరు చల్లిపోతారు. ఇంట్లో అందరూ ముక్కులు మూసుకొని కిటికీలు వేస్తారు. నేను మాత్రం కుర్చీ వాకిట్లోకి లాక్కొని కూర్చుంటాను, నవ్వుకునేవాళ్లు నవ్వుకోనీ అని. ఆ ఘాటు నాకు మా నాగమ్మత్త గుడ్డసంచి వాసన.

నాగమ్మత్త మా నాయనకు అక్క. పెళ్లయిన రెండేళ్లకే మొగుణ్ణి పోగొట్టుకొని పుట్టింటికి వచ్చేసింది. ఆళ్లగడ్డకు రెండు కోసుల దూరంలో, నల్లరేగడి చేల మధ్య మా ఊరు. మట్టి మిద్దె, నాపరాళ్లు పరిచిన అరుగు, ఆ అరుగు మీద నా అచ్చనగండ్లాట, లోపల జొన్నరొట్టెలు తట్టే చప్పుడు, రోట్లో నలిగే శెనక్కాయల ఊరుబిండి కమ్మదనం, వీటన్నిటితోనే మాకు తెల్లవారేది. చలికాలంలో అహోబిలం స్వామి పార్వేటకని పల్లకీలో ఊరూరూ తిరుగుతూ మా ఊరికి వచ్చినప్పుడు ఇంటింటా భక్ష్యాలు కాల్చేవాళ్లు, నెయ్యి వాసన వీధి మలుపు దాకా వచ్చేది, మేము పిల్లలం పల్లకీ వెంట పరుగెత్తి పరుగెత్తి కాళ్లకు బంకమట్టి బూట్లు తొడుక్కుని వచ్చేవాళ్లం. మా ఇంటి భక్ష్యాలన్నీ అత్త చేతివే. హారతి వేళకు మాత్రం ఆమె దొడ్లోకి తప్పుకునేది. అది తప్పని ఆ రోజుల్లో నాకూ తోచలేదు.

ఆంధ్ర రాష్ట్రం వచ్చిన కొన్నేళ్లకు సర్కారుకు ఒక ఆలోచన పుట్టింది. ఊరివాళ్లకే శిక్షణ ఇచ్చి, వాళ్ల చేతనే ఊరిని ముందుకు నడిపించాలని. గ్రామసేవక్ సైకిలు మీద వచ్చి, నంద్యాలలో పది రోజుల శిబిరానికి ఒక ఆడమనిషిని పంపమన్నాడు. కాపురాలున్న ఆడవాళ్లను ఏ ఇల్లు వదులుతుంది?

"మా నాగక్క ఉందిలే సార్. ఇంట్లో ఊరికే ఉండే మనిషి," అన్నాడు నాయన.

ఊరికే ఉండే ఆ మనిషి వెళ్లిన పది రోజులూ మా ఇంట్లో పాలు పొంగిపోయాయి, రొట్టెలు మాడిపోయాయి, పాలు పితకబోయి ఎనుము తన్నులకు మా అవ్వ రెండుసార్లు వెల్లకిలా పడింది. అత్త గుడ్డసంచితో తిరిగివచ్చింది. అందులో బ్లీచింగ్ పౌడరు డబ్బా, ఎర్ర సబ్బు, పలక, ఈగ బొమ్మ వేసిన పెద్ద కాగితం. ఆమె ముఖం అంత వెలగడం నేను అదే మొదటిసారి చూశాను.

"నడిపించే మనిషి ముందుగా మాట్లాడకూడదంట," అని అమ్మకు చెప్పింది. "అందర్నీ గుండ్రంగా కూసోబెట్టి, వాళ్లే నోరు తెరిసేదాకా గమ్మునుండాలంట. ఊరికి ముందు ఏం కావాల్నో వాళ్లే చెప్తారంట."

వారం తిరిగేసరికి బ్లాకు ఆఫీసు వాళ్లు వస్తారు. ఊరికి మొదట కావలసింది ఒక్కటే రాసుకుపోతారు. ఆ లోపల ఆడవాళ్ల మాట తెలుసుకొని చెప్పడం అత్త పని. బతుకులో మొదటిసారి ఆమెకంటూ ఒక పని దొరికింది.

మరునాడే ఇంటింటికీ పోయి, సాయంత్రం మా అరుగు దగ్గరికి రమ్మని చెప్పి వచ్చింది. పొరపాటంతా అక్కడే జరిగింది. మా వైపు మంచికి పిలవాలంటే కుంకుమ భరిణె పట్టుకుపోయి బొట్టు పెట్టి పిలవాలి. అత్త భరిణె ముట్టకూడని మనిషి, కాబట్టి వట్టి చేతులతో పోయింది. బొట్టు పెట్టని పిలుపంటే మా ఊళ్లో చావు కబురే. ఈ సంగతి నంద్యాలలో పాఠం చెప్పినవాళ్లకు తెలియదు, సంబరంలో అత్తకూ తట్టలేదు.

పొద్దు వాలేవేళకు పదకొండు మంది వచ్చారు. తలల నిండా కొంగులు కప్పుకొని, కిక్కురుమనకుండా కూర్చున్నారు. నాగమ్మత్త మెట్టినింటి వైపునుంచి ఏదో కబురొచ్చి ఉంటుందని వాళ్ల అనుమానం. ఎవరు పోయారని అడగడం మర్యాద కాదు, ఇంటివాళ్లే చెప్పాలి. అత్తేమో నేర్చుకున్న పాఠం ప్రకారం పెదవి విప్పలేదు. కాసేపటికి ముసలి ఈరమ్మవ్వ ఇక ఓర్చుకోలేక గొంతెత్తి శోకం మొదలుపెట్టింది. ఒకరు ఎత్తుకుంటే మిగిలినవాళ్లు ఆగుతారా! అరుగంతా ఏడుపే.

శోకంలో ఎవరి దుఃఖం వాళ్లే చెప్పుకుంటారు. ఈరమ్మవ్వ, కాన్పుకని బండిలో ఆళ్లగడ్డకు పోతూ దారిలోనే కన్నుమూసిన కోడల్ని పిలిచింది. ఇంకొకామె వాంతిభేదితో పోయిన కొడుకుని పిలిచింది. చెయ్యి అడ్డుపెట్టి ఆపబోయిన అత్త, ఏమనుకుందో ఏమో, చెయ్యి దించుకొని వింటూ కూర్చుండిపోయింది. అప్పుడు తలుపు వారన నిలబడిన మా అమ్మ, ఏడో నెల కడుపుతో, గట్టిగా మాట్లాడగా నేనెన్నడూ వినని మా అమ్మ, గడప మీద కూలబడి గొంతెత్తింది.

"పేరన్నా పెట్టకముందే పోతిరి గదా నా బిడ్డల్లారా! ఇద్దరికిద్దరూ నా చేతుల్లోనే సల్లబడితిరి గదా!"

ఆ ఇంటికి తొలిచూలు బిడ్డను నేనేనని అప్పటిదాకా గర్వంగా తిరుగుతుండేదాన్ని.

ఇంతలో చేని నుంచి వస్తున్న మా అవ్వ, ఆ ఏడుపులు విని, "అయ్యో నా కొడుకో!" అని రొమ్ము కొట్టుకుంటూ పరుగెత్తుకొచ్చింది. ఆ కొడుకు ఆమె వెనకాలే ఎద్దులు తోలుకొని వస్తున్నాడు.

"ఏందే ఈ గోల? ఎవురు పోయినారు?" అన్నాడు నాయన.

"ఎవురూ పోలేదప్పా. మీటింగు," అంది అత్త మెల్లగా.

తిట్టినవాళ్లు తిట్టారు, పడీపడీ నవ్వినవాళ్లు నవ్వారు. దానికి 'శోకాల మీటింగు' అని పేరు పెట్టారు. మళ్లీ గడప దాటొద్దని నాయన అత్తను కసిరాడు. ఆ వారమంతా అత్త అన్నం ముందు కూర్చొని మెతుకులు కెలుకుతూ ఉండిపోయేది.

బ్లాకు వాళ్లు వచ్చినరోజు చావడిలో మగవాళ్లంతా కలిసి రేడియో కావాలన్నారు. అధికారి కాగితం మీద కలం పెట్టబోతుండగా వాకిట్లో అత్త కనిపించింది. అవ్వ చెయ్యి పట్టుకొని నేను వెనకాల ఉన్నాను.

"ఆడోళ్ల మాట రాసుకోరా సార్?"

"ఏమక్కా, మళ్లా ఏడిపించి కనుక్కున్న్యావా?" అన్నారెవరో. చావడి గొల్లుమంది.

"అవునప్పా, ఏడిస్తేనే తెలిసింది. ఆ పొద్దు మా అరుగు మీద మా ఇంటామెతో కలిపి పన్నెండు మంది ఏడ్సినారు. అందులో ఏడుగురు కాన్పుల్లో పోయినోళ్లను తలుసుకొనే ఏడ్సినారు. ఊరికి ముందు కావాల్సింది కాన్పులు చేసే నర్సమ్మ. రేడియో లేదని ఒక్కరూ ఏడ్సలేదు."

నవ్వులు ఆగిపోయాయి. ఆ ఏడుగురిలో తన భార్య ఉందని నాయనకు తెలుసు. మగవాళ్ల మధ్య నుంచి లేచాడు.

"నర్సమ్మనే రాసుకోండి సార్," అన్నాడు.

నర్సమ్మ వచ్చింది. మా తమ్ముడు ఆమె చేతిలోనే కేరుమన్నాడు, బతికాడు. తర్వాత్తర్వాత చుట్టుపక్కల పల్లెల నుంచి ఆడవాళ్లు మా అత్త దగ్గర పని నేర్చుకోవడానికి వచ్చేవాళ్లు. ఆమె వాళ్లకు చెప్పే మొదటి పాఠం, "నోరు మూసుకొని కూసోండి ముందు."

ఇప్పుడు మా ఊళ్లో ఆ చావడి లేదు, మట్టి మిద్దెలు లేవు. మీటింగులున్నాయి, మైకు పెట్టి మీ సమస్యలు చెప్పండమ్మా అని అడిగితే అందరూ ఏమీ లేవనే అంటారు. శోకం పెట్టడం వచ్చిన ఆడవాళ్లు ఒకరి తర్వాత ఒకరు వెళ్లిపోయారు. చచ్చిన ఇంట్లో కూడా ఇప్పుడు గుసగుసలే.

శోకాల మీటింగు జరిగిన సాయంత్రం నేను అత్తను అడిగాను, అమ్మ పోగొట్టుకున్న ఆ ఇద్దరూ ఆడపిల్లలా మగపిల్లలా అని. "పెద్దయినాక చెప్తాలే," అంది. అమ్మ మళ్లీ ఎన్నడూ వాళ్ల ఊసెత్తలేదు, ఆమెను అడిగే ధైర్యం నాకు లేకపోయింది. పెద్దదాన్నయ్యాను, ముసలిదాన్నీ అయ్యాను. నాకు ముందు పుట్టిన ఆ ఇద్దరూ అక్కలో అన్నలో చెప్పగలిగినవాళ్లు ఇప్పుడు ఒక్కరూ లేరు.