ఎరుపును మింగిన రూలు

మగ్గానికి పడుగు ఎక్కించి ఉంది. నేతగాడు గుంతలో కాళ్లు పెట్టుకుని నా వైపే చూస్తున్నాడు. నా ప్రోగ్రాం అంచు డిజైన్ మొదటి వరుస దగ్గరే ఆగిపోయింది.

ధర్మవరంలో మా బావ పట్టుచీరలు నేయిస్తాడు. నేతగాళ్లు రంగులనూ పోగుల లెక్కలనూ కలిపి రాసుకునే పొట్టి రాతను చదివి, మగ్గం మీద డిజైన్ పోగులను ఎత్తే జాకార్డ్ యంత్రానికి అందించే ప్రోగ్రాం నేను రాశాను. అంతకుముందు ఒక పెళ్లి పంక్తిలో ఆయన అందరూ వినేట్టు, "మా బామ్మర్దిది కంప్యూటర్ పని గాదప్పా, కంప్యూటర్ ముందర కూచునే పని" అన్నాడు. పక్కన నవ్వినవాళ్లెవరో కూడా నాకు గుర్తు.

"ఏమప్పా, అయ్యేదుండాదా? భోజనాల యాళకు గాకపోతే బెంగళూరులో ప్రోగ్రాములు రాసే ఆయప్పకు ఫోన్ కొడతా. ఇంక ఈ పని ఆయప్పదే" అన్నాడు బావ నా వెనక నిలబడి.

ప్రోగ్రాంలో రాత అర్థాన్ని తేల్చే వ్యాకరణమంతా వెతికాను, తప్పు లేదు. అప్పుడు ప్రోగ్రాం అక్షరాలను ఏ ముక్కలుగా విడగొడుతోందో తెర మీదికి తెప్పించాను. "ఎరుపు12" మొత్తం, రంగూ లెక్కా విడిపోకుండా, ఒకే పేరుగా వచ్చింది. పేర్ల రూలులో అంకెలకు చోటిచ్చింది నేనే, "బుటా2" లాంటి డిజైన్ పేర్ల కోసం. రంగుల రూలును దానికంటే పైకి జరిపాను. మళ్లీ అదే తప్పు. రెండు రూల్స్ పోటీపడితే ఎక్కువ అక్షరాలు మింగినదే గెలుస్తుంది, ఏది పైన ఉన్నా సరే.

నేతగాడు మెల్లగా అన్నాడు. "అన్నా, నడమ సందు ఇడిసి రాసేదా?"

"వద్దు" అన్నాను. మగ్గం దగ్గర రంగునూ పోగుల లెక్కనూ ఒకే ఊపిరిలో పలుకుతారు, రాసేదీ అట్లే. ఇప్పుడు సందు పెట్టిస్తే, బామ్మర్ది ప్రోగ్రాం కోసం చేతిరాత మార్చుకున్నామని బావ ఊరంతా చెబుతాడు.

బావ ఫోన్ చెవికి పెట్టుకున్నాడు.

పేర్ల రూలులోంచి అంకెలను తీసేశాను; ఇక రెండూ "ఎరుపు" వరకే మింగుతాయి, సమానమైతే పైనున్న రంగుల రూలే గెలుస్తుంది. డిజైన్ పేరుకు అంకెను తగిలించే పని తర్వాతి దశలోని వ్యాకరణానికి అప్పజెప్పి, మళ్లీ నడిపించాను. మొదటి వరుస దాటింది, రెండోదీ దాటింది. జాకార్డ్ టకటకమని కదిలింది. నేతగాడు పేక దారమున్న నాడె విసిరాడు.

"ఇప్పుడు వద్దులేప్పా" అన్నాడు బావ ఫోన్‌లో. "మావోడు ఏందో చేసినాడు."

నా ముందు టీ పెట్టించాడు. తాగలేదు. ఆ "ఏందో"ను పెళ్లి పంక్తి మాట పక్కనే దాచుకున్నాను.